బుక్ చేసిన టేబుల్ కోసం ముప్పావుగంట: బెంగళూరు థీమ్ పార్కు హాళ్లు, బఫేల రిజర్వేషన్‌పై సమీక్ష

పెళ్లి భోజనాల్లో బంతి లెక్క తెలిసినవాళ్లకు రెస్టారెంట్ రిజర్వేషన్ గుట్టు సగం తెలిసినట్టే. మొదటి బంతివాళ్లు తిన్నగా వెళ్లి కూర్చుంటారు. రెండో బంతివాళ్లు వాళ్ల కుర్చీల వెనక నిలబడి, పెరుగన్నం దాకా వచ్చారా లేదా అని చూస్తుంటారు. బెంగళూరులో ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నరకు టేబుల్ బుక్ చేయడమంటే రెండో బంతిలో పేరు రాయించుకోవడమే. ఏళ్ల తరబడి ఈ బుకింగులు వాడాక తేలిన అసలు విషయం ఇదే. ఎదురుచూపు తప్పాలంటే ఏ యాప్‌లో బుక్ చేశామన్నది కాదు, ఏ బంతిలో బుక్ చేశామన్నది చూసుకోవాలి.

ఈ సమీక్ష రెండు రకాల చోట్ల గురించి. ఊరి చుట్టూ ఉన్న థీమ్ పార్కుల్లో టేబుళ్లు ముందుగా ఇచ్చే భోజన హాళ్లు ఒకటి. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఇందిరానగర్, హెచ్ఎస్ఆర్ వైపు మన తెలుగు కుటుంబాలు పుట్టినరోజులకి, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వెళ్లే పెద్ద బఫేలు రెండోది. రెండింటిలోనూ ఆలస్యానికి కారణాలు దాదాపు ఒకటే.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. రిజర్వ్ చేస్తే మన పేరు మీద ఒక టేబుల్ ఖాళీగా ఉంచుతారనుకుంటాం. రద్దీ రోజుల్లో చాలాచోట్ల ఉంచరు. మనం చెప్పిన సమయం తర్వాత, మన మందికి సరిపడే టేబుల్ ఏది ముందు ఖాళీ అయితే అది మనకిస్తారు, అంతే. టోక్యో డిస్నీ రిసార్ట్‌లో ఈ పద్ధతికి పెట్టిన పేరే ప్రయారిటీ సీటింగ్. అంటే టేబుల్ ఖాళీ కాగానే వీళ్లకి ముందు ఇస్తామని. ఆ పేరులో దాపరికం లేదు. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 60 రోజుల ముందే బుకింగ్ తెరుస్తారు. చాలా రెస్టారెంట్లలో 2 గంటల ముందు రద్దు చేయకుండా రాకపోతే మనిషికి 10 డాలర్లు పట్టుకుంటారు. ఈ జరిమానా వల్ల ఉత్తుత్తి బుకింగులు తగ్గుతాయి గానీ, ముందున్నవాళ్లు త్వరగా లేవరు కదా. మన దగ్గర యాప్‌లో పచ్చ టిక్కు పడి, కింద ‘టేబుల్ ఖరారైంది’ అని వస్తుంది. ఖరారైంది సమయం మాత్రమే. ఆ మాట తెరమీద రాసి ఉంటే సగం గొడవలు తగ్గేవి.

లెక్క ఇలా ఉంటుంది. హాల్లో 30 టేబుళ్లున్నాయనుకోండి. అందులో 20 నలుగురివి, 6 ఆరుగురివి, మిగతావి ఇద్దరివి. పన్నెండున్నరకి అన్నీ నిండాయి. బఫేలో ఒక కుటుంబం లేవడానికి గంటన్నర మామూలే. పిల్లలు ఐస్‌క్రీమ్ కౌంటర్ దగ్గరకి మూడుసార్లు వెళ్తే ఇంకో పావుగంట. అంటే మొదటి బంతి లేచేది రెండు, రెండుంబావుకి. ఒకటిన్నర స్లాట్ ఆ మధ్యలో పడుతుంది. ఇద్దరు, నలుగురైతే ఎక్కడో ఒక మూల సర్దుతారు. తొమ్మిది మందైతే కష్టం అక్కడే మొదలవుతుంది. తొమ్మిది మందికి పక్కపక్కనున్న రెండు ఆరుగురి టేబుళ్లు కలపాలి. వాటిలో ఒకటి 1:50కి ఖాళీ అవుతుంది. పక్క టేబుల్‌వాళ్లు అప్పుడే గులాబ్ జామూన్ తెచ్చుకుని కూర్చుంటారు. ఖాళీ అయిన టేబుల్ మీద గుడ్డ మార్చి, రిజర్వ్‌డ్ పలక పెట్టి వదిలేస్తారు. తలుపు దగ్గరనుంచి చూసేవాళ్లకి టేబుల్ ఖాళీగానే కనిపిస్తుంది, తమని మాత్రం కూర్చోనివ్వడం లేదు. మాటామాటా పెరిగేది సరిగ్గా ఈ అరగంటలోనే. సిబ్బంది తప్పు కాదది. పక్కది లేవందే రెండూ కలవవు.

అందుకే ఎనిమిది, తొమ్మిది మంది ఉంటే ఒకే టేబుల్ అడక్కండి. నాలుగు, అయిదు చొప్పున రెండు బుకింగులు చేసి, దగ్గరదగ్గరగా ఉంటే చాలనండి. పెద్దవాళ్లు ఒకచోట, కుర్రకారు ఒకచోట కూర్చున్నా కొంపలేం మునగవు. ఎటూ అందరూ ప్లేట్లు పట్టుకుని తిరుగుతూనే ఉంటారు.

ఆలస్యంలో పెద్ద భాగం తిండి దగ్గర కాదు, బిల్లు దగ్గర. తినడం అయిపోయిన టేబుల్‌ని ఒకసారి గమనించండి. బిల్లు అడిగాక వచ్చేసరికి 4, 5 నిమిషాలు. యాప్‌లోనే కడితేనే తగ్గింపు అన్న షరతు వల్ల ఫోన్ తీసి, ఆఫర్ ఎంచుకుని, మొత్తం కొట్టాలి. మాల్ కింది అంతస్తుల్లో సిగ్నల్ ఉండదు, ఓటీపీ రాదు. ఒకరు లేచి తలుపు దాకా వెళ్లి ఓటీపీ పట్టుకొస్తారు. ఈలోగా బ్యాంక్ పేజీ గడువు అయిపోయి మళ్లీ మొదటికొస్తుంది. ఆఫీస్ బృందమైతే ఎవరి వాటా ఎంతో తేల్చుకోవడం ఒకటి. ఇలా పది, పదిహేను నిమిషాలు ఒక్కో టేబుల్ దగ్గర కరిగిపోతాయి, ఆ నిమిషాలన్నీ బయట నిలబడినవాళ్ల ఖాతాలో పడతాయి. టేబుల్ మధ్యలో బొగ్గుల గ్రిల్ ఉండే చోట్ల ఇంకొంచెం ఎక్కువ. పాత బొగ్గుల తొట్టి జాగ్రత్తగా ఎత్తాలి, గుంట తుడవాలి, కొత్త నిప్పులు రాజుకుని రావాలి. మామూలు టేబుల్ 5 నిమిషాల్లో తయారైతే, దీనికి పది పడుతుంది.

ఇంతకీ ఏ సమయానికి బుక్ చేయాలి? హాల్ తెరిచే సమయానికి. పన్నెండుకి తెరిస్తే పన్నెండుకే, పన్నెండున్నరకి కాదు. ఆదివారం పొద్దున ఇడ్లీలు రెండు తగ్గించి బయల్దేరితే పన్నెండుకి ఆకలి వేస్తుంది. ముందు వెళ్తే ఇంకో లాభం, బిర్యానీ గిన్నె అప్పుడే మూత తీస్తారు. మూడు తర్వాతి స్లాట్‌లో చోటు సులువుగానే దొరుకుతుంది గానీ ట్రేలు అడుగంటుతుంటాయి, మళ్లీ నింపరు. వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. ఇక్కడ వడ్డన గడియారం చేతిలో ఉంది, కాబట్టి కడపటి బంతి మనకి పనికిరాదు. ఆదివారం ఒకటిన్నర నుంచి రెండున్నర మధ్య బుకింగ్‌కి మా లెక్కలో విలువ చాలా తక్కువ. అదే మంగళ, బుధవారాల్లో ఏ సమయమైనా ఒకటే, బుకింగ్ అసలు అవసరమే పడదు.

థీమ్ పార్కులో ఇవన్నీ ఉంటూనే, తడి బట్టల సంగతి ఒకటి అదనం. నీళ్ల రైడ్లు, కెరటాల కొలను ఉన్న పార్కులో ఏసీ హాల్లోకి తడి బట్టలతో రానివ్వకపోవడం మామూలు. కొలను లోంచి బయటికొచ్చి, ఒళ్లు తుడుచుకుని, లాకర్ తెరిచి, ఆడవాళ్ల గదుల దగ్గర వరసలో నిలబడి, పిల్లలకి బట్టలు మార్చేసరికి అరగంట. ఒకటిన్నర టేబుల్‌కి ఒంటిగంటకే నీళ్లలోంచి లేవాలన్నమాట. పిల్లలు లేవరు. అందుకే పార్కులో వరస తిరగేయాలి. పొద్దున నీళ్లు లేని రైడ్లు, హాల్ తెరవగానే పొడి బట్టలతోనే భోజనం, కాస్త విరామం, ఆ తర్వాత నీళ్లు. అందరూ ఆవురావురుమంటూ హాల్ మీద పడే వేళకి రైడ్ల దగ్గర వరసలు పలచబడతాయి. ఈ ఒక్క మార్పుతో భోజనం దగ్గరా రైడ్ల దగ్గరా సమయం మిగులుతుంది. కడుపు నిండాక గిర్రున తిప్పే రైడ్లు మాత్రం గంటన్నర దాకా వద్దు.

ఇంకో పొరపాటు ఫోన్‌ది. టేబుల్ ఖాళీ కాగానే మెసేజ్ పంపుతాం, కాల్ చేస్తాం అంటారు. ఫోన్ చూస్తే లాకర్‌లో ఉంటుంది. రెండుసార్లు మోగి ఆగిపోతుంది, పేరు కొట్టేసి తర్వాతివాళ్లని పిలుస్తారు. పెద్దవాళ్లలో నీళ్లలోకి దిగనివారు ఒకరు ఎటూ ఉంటారు, బుకింగ్ వాళ్ల నంబర్ మీదే చేయండి. తాతగారి ఫోన్ రింగ్ గట్టిగా పెట్టి, వచ్చే నంబర్ తెలియనిదైనా ఎత్తమని ముందే చెప్పాలి.

బడి పిల్లల విహారయాత్రల కాలంలో, ముఖ్యంగా నవంబర్ నుంచి జనవరి దాకా, పనిరోజు కదా ఖాళీగా ఉంటుందనుకుని వెళ్తే మోసపోతాం. అయిదారు బస్సుల పిల్లలకి ఒకేసారి కూపన్ భోజనం పెట్టడానికి పెద్ద హాల్ కేటాయిస్తారు. వంటగది కూడా ఆ గంటా వాళ్ల మీదే ఉంటుంది, మన టేబుల్ దొరికినా పదార్థాలు రావు. ముందురోజు ఫోన్ చేసి ‘రేపు స్కూల్ గ్రూపులున్నాయా, ఎన్నింటికి తింటారు’ అని అడిగితే దాచకుండా చెబుతారు. పది మంది లోపు ఉంటే పార్కులో రిజర్వ్ హాల్ కన్నా కౌంటర్‌లో కూపన్ తీసుకునే ఫుడ్ కోర్టే మేలని మా అభిప్రాయం. రుచి ఒక మెట్టు తక్కువే, కానీ తడి బట్టల పేచీ లేదు, ఎవరి ఆకలికి వాళ్లు తినొచ్చు. పది దాటితే మాత్రం హాలే మంచిది, ముందే డబ్బు కట్టి మెనూ ఖాయం చేసుకోండి.

దారి సంగతీ బుకింగ్‌లో భాగమే. చెప్పిన సమయానికి 15 నిమిషాలు దాటితే పేరు కిందికి వెళ్తుంది. బెంగళూరు ట్రాఫిక్‌లో 15 నిమిషాలంటే ఒక్క సిగ్నల్. థీమ్ పార్కుకని బిడది వైపు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, 2023 మార్చిలో ప్రారంభమైన మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన దారిలో ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలు రానివ్వరు, అవి సర్వీస్ రోడ్డులోనే వెళ్లాలి. బైకుల మీద వచ్చే కుర్రవాళ్లూ కారులో వచ్చే పెద్దవాళ్లూ ఒకే సమయానికి చేరరు. వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చేవాళ్లకి పర్పుల్ లైన్ మెట్రో చల్లఘట్ట దాకా ఉంది. ఊరి మధ్య ట్రాఫిక్ దాటించేస్తుంది, అక్కడినుంచి క్యాబ్. అందరూ వస్తేగానీ కూర్చోబెట్టరు, సగం మంది వచ్చి మిగతావాళ్లు దారిలో ఉన్నారంటే ఒప్పుకోరు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే బంధువులకి అరగంట ముందు సమయం చెప్పడం అన్ని ఇళ్లలో ఉన్నదే, ఇక్కడా అదే చేయాలి.

మంది లెక్క చెప్పేటప్పుడు కుర్చీలు లెక్కపెట్టండి, టికెట్లు కాదు. అయిదేళ్ల లోపు పిల్లలకి బఫేలో డబ్బు పడదని యాప్‌లో ‘ఏడుగురు’ అని కొట్టి తొమ్మిది మంది వెళ్తారు. ఏడుగురి టేబుల్ సిద్ధంగా ఉన్నా అక్కడ పట్టరు, మళ్లీ వరసే. చంటిపిల్లల ఎత్తు కుర్చీలు ఎక్కడైనా తక్కువే ఉంటాయి, ఫోన్‌లోనే ఒకటి చెప్పి ఉంచుకోవాలి.

షుగర్ ఉన్న పెద్దవాళ్ల విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఒకటిన్నరకి టేబుల్ ఉంది కదా అని ఒంటిగంటకే కారులో ఇన్సులిన్ తీసుకుని, రెండుంబావు దాకా నిలబడితే ప్రమాదం. భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్ టేబుల్ దగ్గర కూర్చుని, ప్లేటు ముందుకొచ్చాకే తీసుకోవడం మేలు. మీ డాక్టర్ని అడిగి పెట్టుకోండి. పార్కు గేటు దగ్గర బయటి తిండి ఆపుతారు, మందుల చీటీ చూపించి బిస్కెట్లు, గ్లూకోజు లోపలికి తీసుకెళ్తామని అక్కడే చెప్పాలి.

పేరు రాసే పాత పద్ధతి వీటన్నిటికన్నా నమ్మకంగా అనిపిస్తుంది. లాల్‌బాగ్ రోడ్డులో 1924 నాటి ఎంటీఆర్ హోటల్, గాంధీ బజార్‌లో 1943 నాటి విద్యార్థి భవన్, రెండు చోట్లా పేరూ ఎంతమందో చెప్పి, పిలిచేదాకా ఆగాలి. ఎదురుచూపు తక్కువేం కాదు. అయితే మనకి ముందు ఎందరున్నారో తెలుస్తుంది, వరస కళ్లముందే కదులుతుంది. యాప్ బుకింగ్‌లో ఆ వరస కనిపించదు. ఒక పెద్ద బఫేలో యాప్ నుంచి వచ్చిన పేర్లు టాబ్‌లో, ఫోన్ చేసినవాళ్ల పేర్లు పుస్తకంలో, నేరుగా వచ్చినవాళ్లవి ఒక చీటీ మీద ఉండటం, మూడింటినీ కలిపి చూసే మనిషి లేకపోవడం మేము చూసిందే. అలాంటిచోట మన పేరు ఎక్కడుందో మనమే అడిగి చూపించుకోవాలి.

ఫోన్‌లో ‘టేబుల్ ఉందా’ అని అడిగితే ఉందనే అంటారు. అడగాల్సింది ఇది: ‘ఆ సమయానికి మాకిచ్చే టేబుల్‌లో ముందు వేరేవాళ్లు కూర్చుంటారా అండీ?’ అవునంటే అది రెండో బంతి, ఇంకో సమయం చూసుకోండి. లేదంటే టేబుల్ నంబర్ అడిగి, మాట్లాడినవాళ్ల పేరు రాసుకోండి.

చేరగానే లోపలున్నవాళ్లతో ‘వచ్చాం’ అని నోటిమాటగా చెప్పి కూర్చోకూడదు. టాబ్‌లో వచ్చినట్టు గుర్తు పెట్టించాలి, ఆ సమయంతో ఫోటో తీసుకోవాలి. ముందుగా కట్టిన డబ్బుకి ఆధారం అదే. అరగంట చూసి, విసుగొచ్చి, ఎవరికీ చెప్పకుండా వేరేచోటికి వెళ్లిపోతే అక్కడ ‘రాలేదు’ అని పడుతుంది, డబ్బు తిరిగి రాదు. వెళ్లిపోవాలనుకుంటే మేనేజర్‌తో చెప్పి, వాళ్ల వైపు నుంచే రద్దు చేయించి, ఆ మెసేజ్ మన ఫోన్‌కి వచ్చాకే గేటు దాటండి.