అవారా పులుసు, చొంతదూరో సూపు: దేనికి మొగ్గు?

దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో, ఆఫ్రికా, ఐరోపా మూలాలు కలిసిన క్రియోల్ ప్రజల ఇళ్లలో ఈస్టర్ అంటే అవారా పులుసే. తాటి కుటుంబానికే చెందిన అవారా చెట్టు పండ్ల గుజ్జును ముద్దగా నూరి, సన్నని సెగ మీద గంటల తరబడి, కొన్ని ఇళ్లలో 36 గంటల దాకా ఉడికిస్తారు. పొగబెట్టిన కోడి, పొగబెట్టిన చేప, ఉప్పులో ఊరిన పంది మాంసం, పీతలు, రొయ్యలు, క్యాబేజీ, వంకాయ, ఆకుకూర అన్నీ అందులోకే చేరతాయి. చివరికి మిగిలేది గరిటెను వదలని నారింజ రంగు చిక్కదనం. ఈ పులుసు తిన్నవాళ్లు మళ్లీ గయానాకు వచ్చి తీరతారని అక్కడివారి మాట.

కొలంబియాలోని కాలి నగరంలో చొంతదూరో అనే మరో తాటి కుటుంబపు పండును ఉడికించి, ఉప్పు, తేనె అద్ది వీధుల్లో అమ్ముతారు. సూపుకూ ముందు ఉడికించాల్సిందే. పచ్చిది నోటిని దురద పెడుతుంది. తొక్క, గింజ తీసేసి, ఉల్లిపాయతో మెత్తగా రుబ్బి, మరిగిన మాంసం నీరు, మీగడ కలిపితే చాలు.

తీరిక లేని రోజున చొంతదూరోనే మేలు, సందేహం లేదు. అయినా నా మనసు అవారా వైపే. ఇంటిల్లిపాదీ వంతులవారీగా కలియబెట్టే కుండ అది.