బోరు నీళ్లు, సెరామిక్ కోటింగ్: ఒకే సీసాతో నాలుగేళ్లు

కొత్త కారుకు సెరామిక్ కోటింగ్ (రంగు మీద పూస్తే గట్టిపడి నిలిచే పలుచటి రక్షణ పొర) వేయించుకున్న ప్రతి ఒక్కరూ మొదటి వారంలో చేసే పని ఒకటుంది. బానెట్ మీద మగ్గుతో నీళ్లు పోసి, ఆ నీరు గుండ్రటి బొట్లుగా విడిపోయి పరుగెత్తడాన్ని ఫోనులో తీసి చుట్టాలందరికీ పంపుతారు. విజయవాడ ఆటోనగర్‌లో కొత్త కార్లకు కోటింగ్ వేసి బతుకుతున్నవాణ్ణి కనుక, నా బేరాల్లో సగం ఆ వీడియోల పుణ్యమేనని ఒప్పుకుంటాను. అయితే 2021 వేసవి నుంచి ఒకే రకం కోటింగు సీసాను వాడుతూ వచ్చాక, దాని మీద నాకు మిగిలిన పెద్ద ఫిర్యాదు కూడా ఆ బొట్ల గురించే. సీసా పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క కంపెనీది కాదు, నీటిని బొట్లు కట్టించే కోటింగులన్నిటిలోనూ ఎంతో కొంత ఉన్నదే.

కోటింగులో ఉండే సిలికా అంటే ఏమిటి, ఎన్ని పొరలు వేయాలి, ధర ఎంత అన్న సంగతులు అందరూ చదివే ఉంటారు కనుక వాటిని వదిలేస్తున్నాను. సీసా మీద అచ్చువేసే 9హెచ్ గురించి మాత్రం ఒక్క మాట. అది పెన్సిలు గట్టిదనం కొలత. పెన్సిలు ములుకుతో గీసి చూసే పరీక్షలో అదే చివరి మెట్టు. తాళంచెవితో గీసినా గీత పడదని దానికి అర్థం కాదు. కారు రంగు మీదుండే క్లియర్ కోటు, అంటే కంపెనీ వేసే పారదర్శక పొర మందం 40 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉంటే, మనం వేసే ఈ పొర ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. మొదటి ఏడాది నేను కూడా ఈ తేడాను కస్టమర్లకు సరిగా వివరించలేదు.

సీసా పనితనం దగ్గర నాకు పెద్దగా పేచీ లేదు. చిన్న స్పాంజి దిమ్మకు స్వెడ్ గుడ్డ చుట్టి, దాని మీద పది చుక్కలు వేసి, ముందు నిలువుగానూ తరువాత అడ్డంగానూ రుద్దితే, ఒక నిమిషానికి ఆ తడి మీద ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి. అవి తేలినప్పుడే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్యాలి. తొందరపడితే మందు గుడ్డకే పోతుంది, ఆలస్యం చేస్తే అక్కడే గట్టిపడి నల్లటి మరకలా నిలిచిపోతుంది, ఆపైన దానిని పాలిష్ పట్టి తీయడం తప్ప గత్యంతరం లేదు. సీసా మీద రెండు మూడు నిమిషాలు ఆగమని రాసి ఉంటుంది గానీ, రాసినవారు రోహిణి కార్తెలో ఆటోనగర్ రేకుల షెడ్డులో నిలబడి ఉండరు. అప్పుడు అర నిమిషం కూడా దొరకదు. అందుకని మే నెలలో కోటింగు పని తెల్లవారుజామున 5 గంటలకు మొదలుపెట్టి ఎండ ఎక్కేలోగా ముగిస్తాను, బానెట్‌ను ఒకేసారి కాకుండా నాలుగు ముక్కలుగా చేసుకుంటాను. ఇది ఫిర్యాదు కాదు, మన ఊరి ఎండకు చేసుకున్న సర్దుబాటు.

నేను ఊహించని మంచి కూడా ఒకటి చెప్పాలి. మన దగ్గర కొత్త కారు ముందు ఇంద్రకీలాద్రికి వెళ్లి, వాహన పూజ చేయించుకుని, ఆ తరువాతే ఇంటికి వస్తుంది. బానెట్ మీద పసుపు, కుంకుమలతో వేసిన స్వస్తిక్‌ను అమ్మవారి గుర్తుగా వారం రోజులు అలాగే ఉంచుకునేవారు చాలామంది. తెల్ల కారు అయితే ఆ తడి పసుపు కారు పెయింటులోకి దిగి, కడిగిన తరువాత కూడా లేత పసుపు నీడ ఒకటి ఉండిపోయేది. కోటింగు పూర్తిగా ఆరిన కారు మీద ఆ పసుపు షాంపూ నీటికే వదిలిపోవడం నేను పదులసార్లు చూశాను. కాకపోతే ముహూర్తం మన కోసం ఆగదు కదా. కోటింగు వేసిన మర్నాడే పూజ పెట్టుకుంటే ఈ మాట వర్తించదు. పూజ ముందే కానివ్వండి, లేదా వారం ఆగండి అని ఇప్పుడు ముందుగానే చెప్పేస్తున్నాను.

ఇక అసలు సంగతి. 2023 ఉగాదికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన నల్లటి ఎస్‌యూవీ కొని, షోరూము నుంచి నేరుగా నా షెడ్డుకు తెచ్చారు. కొత్త కారుకు మళ్లీ శుభ్రం చేయడం దేనికని ఆయన అడిగితే, ఇనుప రజను తీసే మందు డోరు మీద కొట్టి చూపించాను. రెండు నిమిషాల్లో ఊదారంగు చారలు కారాయి. రవాణాలోనూ, కార్లు నిలిపే యార్డులోనూ రంగుకు అంటుకున్న ఇనుప రజను అది. రెండు రోజుల పని చేశాను. ఆయన వెళ్లేటప్పుడు నేనే మగ్గుతో నీళ్లు పోసి, ముత్యాల్లా జారిపోతున్నాయి చూడండి బాబాయ్ గారూ అని చూపించాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చిన రోజుల్లో ఆయన మళ్లీ వచ్చారు. కారు దిగి, ఏమీ మాట్లాడకుండా, బానెట్ మీద వేలు పెట్టి నిలబడ్డారు. నల్లటి బానెట్ నిండా తెల్లటి వలయాలు, కందిగింజంతవి, బఠాణీ అంతవి, ఒకదాని పక్కన ఒకటి. ఉప్పు నీళ్లు మరిగించిన గిన్నె అంచున పేరుకునే తెల్లపొర లాంటిదే, గుండ్రంగా కత్తిరించి అతికించినట్టు ఉంది. “ముత్యాల్లా జారిపోతాయన్నావు కదబ్బాయ్, ఒక్కటీ జారలా. అన్నీ ఇక్కడే కాపురం పెట్టాయి” అన్నారు. నాకు నవ్వు రాలేదు.

బోరు నీళ్లతో కడుగుతున్నారా అని అడిగాను. కాదన్నారు. “కారుకని ఆర్‌ఓ నీళ్లే పోయిస్తున్నాం. మీ పిన్నిగారే చెప్పింది, ఖరీదైన కోటింగు వేయించాం, ఉప్పు నీళ్లు వద్దని.” ఇక్కడే నాకు బుర్ర పనిచేయలేదు. ఆర్‌ఓ నీటిలో ఉప్పు ఉండకూడదు, మరకలు మాత్రం ఎదురుగా కనిపిస్తున్నాయి. కారును షెడ్డులో వదిలేయమని చెప్పి, ఆదివారం నాడు నీటిలో కరిగిన లవణాలను కొలిచే మీటరు జేబులో వేసుకుని బ్రాడీపేటలోని వాళ్ల అపార్ట్‌మెంటుకు వెళ్లాను.

సెల్లారులో నీలం రంగు డ్రమ్ము ఒకటి ఉంది. ఫ్లాట్లలోని ఆర్‌ఓ ఫిల్టర్ల నుంచి బయటికి వచ్చే సన్నటి గొట్టాలన్నిటినీ కలిపి, నీరు వృథా కాకూడదని, వాచ్‌మన్ దానిలోకి మళ్లించాడు. ఆలోచన మెచ్చుకోదగ్గదే. కానీ ఆర్‌ఓ ఫిల్టరు మంచి నీటిని వంటింటి వైపు పంపి, వడగట్టిన లవణాలన్నిటినీ కలిపి బయటికి తోసేది ఆ గొట్టంలోంచే. బోరు పంపు కింద మీటరు పెడితే లీటరుకు 1,040 మిల్లీగ్రాములు చూపించింది, డ్రమ్ములో పెడితే 1,620. తాగే నీటికి భారతీయ ప్రమాణం మంచిదనే హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. ఇంట్లోవాళ్లు కారుకు మేలు చేస్తున్నామనుకుంటూ, ఉప్పు నీటిని మరింత చిక్కబరిచి పోయించారు. పైగా వాచ్‌మన్ ఉదయం ఆరున్నరకు వరుసగా మూడు కార్లు కడుగుతాడు, మూడోది అయ్యేసరికి మొదటిదాని బానెట్ మీద తూర్పు ఎండ పడుతుంది. ఆ మొదటి కారు ఈయనదే.

నీటి బొట్టు భూతద్దంలా పనిచేసి రంగును కాలుస్తుందని మా పనివాళ్లలోనే చాలామంది నమ్ముతారు. నేను చూసిన మరకల్లో దోషం ఉప్పుదీ, బొట్టు ఆకారానిదీ. కోటింగు లేని రంగు మీద నీరు పలుచటి పొరలా పరుచుకుని ఆరుతుంది, దానిలోని లవణం కూడా అంతటా పలుచగా పరుచుకుంటుంది, మర్నాటి కడుగుడుకు కొంత పోతుంది. కోటింగు ఉన్నచోట నీరు పరుచుకోదు, లేచి నిలబడుతుంది. అలా నిలబడ్డ బొట్టు జారకుండా అక్కడే ఆరితే, దానిలోని కాల్షియం, మెగ్నీషియం, సిలికా అంతా ఒక చిన్న వలయంలో పోగవుతుంది. వేసవి ఎండలో నల్లటి రేకు 70 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. ఆ వేడికి వలయం పొరను పట్టుకుని, దాన్ని దాటి క్లియర్ కోటులోకి కూడా గుంట చేస్తుంది. అంటే ఏ గుణాన్ని చూపించి నేను కోటింగును అమ్మానో, ఆ గుణమే ఉప్పునంతా ఒకచోటికి పోగుచేసింది. మరి సీసా మీద మాత్రం నీటి మరకల నుంచి రక్షణ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నా కోపమంతా ఆ ఒక్క వాక్యం మీదే.

బాగుచేయడానికి ఒకటిన్నర రోజు పట్టింది. షాంపూకు ఒక్క మరకా కదల్లేదు. సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్‌లో గుడ్డ తడిపి రెండు నిమిషాలు పరిచి ఉంచితే, సున్నం లాంటివి కరిగి సగం వలయాలు పోయాయి. సిలికా మరకలకు వెనిగర్ పనిచేయదు, వాటికి మరకలు తీసే ఆమ్లపు మందు వాడాను. అప్పటికీ బానెట్ మీద ఇరవై, రూఫు మీద ఐదారు మిగిలాయి. టార్చి వంచి చూస్తే అవి మరకలు కావు, గుంటలు. వాటికి మెషీన్‌తో పాలిష్ పట్టక తప్పలేదు, పాలిష్ పడితే ఒకటి రెండు మైక్రాన్ల పొర ఎక్కడ నిలుస్తుంది? బానెట్‌కూ రూఫుకూ మళ్లీ మొదటి నుంచి కోటింగు వేశాను. డబ్బులు తీసుకోలేదు. తీసుకోమని ఆయన అన్నారు, కానీ ముత్యాల మాట చెప్పింది నేను.

ఆ తరువాత నా సొంత కారును కూడా వేరే కళ్లతో చూడటం మొదలుపెట్టాను. పటమటలో మా ఇంటికి మున్సిపాలిటీ వారి కృష్ణా నీళ్లు వస్తాయి, కారు వెండి రంగుది, రాత్రి నీడలో ఉంటుంది. ఇదే సీసా వేసిన పద్నాలుగు నెలలకు బొట్లు కట్టడం ఆగిపోయింది. కోటింగు పోయిందనే అనుకుని, మూడేళ్లు ఉంటుందన్న కంపెనీ మాటను తిట్టుకున్నాను. ఒక ఆదివారం ఇనుప రజను తీసే మందుతో, ఆ వెంటనే పలుచటి ఆమ్లపు షాంపూతో కడిగితే నీరు మళ్లీ బొట్లు కట్టింది. పొర చావలేదు, దుమ్ము దుప్పటి కప్పుకుని పడుకుంది, అంతే. ఇప్పుడు నాలుగేళ్లు దాటాయి. డోర్ల మీద ఇంకా పనిచేస్తోంది, బానెట్ మీదా రూఫు మీదా నామమాత్రంగానే ఉంది. కనుక మూడేళ్లన్న మాటను పూర్తి అబద్ధం అనలేను, నిలువు రేకులకు నిజం, అడ్డ రేకులకు కాదు అని మాత్రం అనగలను. మెరుపు గురించి కూడా ఒకప్పుడు గొప్పగా చెప్పేవాణ్ణి. కొత్త కారులో కనిపించే మెరుపులో ఎక్కువ భాగం కోటింగుకు ముందు మేము పట్టే పాలిష్‌దే, సీసా దానిని కాపాడుతుంది.

ఒక విడ్డూరం కూడా రాయాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్‌లో నాలుగు రోజులు మునిగిన ఒక కారును బయటికి తీసి కడిగినప్పుడు, బానెట్ మీద నీరు చక్కగా బొట్లు కట్టింది. రెండేళ్ల క్రితం నేను వేసిన కోటింగే. రంగుకు గీత పడలేదు, ఇంజిన్‌ నిండా బురద.

ఇప్పుడు అడ్వాన్సు తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడుగుతున్నాను: ఏ నీటితో కడుగుతారు, ఎవరు కడుగుతారు, కడిగాక తుడుస్తారా. బోరు నీరు, ఎండలో పార్కింగు, తుడవని వాచ్‌మన్ అన్న మూడూ కలిస్తే, ముఖ్యంగా నల్ల కారుకు, ఈ సీసా వద్దనే చెబుతున్నాను. నీరు బొట్లు కట్టకుండా పొరలా జారిపోయే రకం వేరే ఉంది, దానికి వీడియో అందంగా రాదు, అందుకని అడిగేవారు తక్కువ. అలా వద్దన్నందుకు నాలుగైదు బేరాలు పక్క షెడ్డుకు వెళ్లిపోయాయి. సెల్లారులో పార్కింగు, కృష్ణా నీళ్లు, కారు తుడుచుకునే ఓపిక ఉన్నవారికి మాత్రం ఇదే సీసా వేస్తాను, నా తరువాతి కారుకూ బహుశా ఇదే వేసుకుంటాను. మా వీధికి మున్సిపాలిటీ నీళ్లు రాకపోయి ఉంటే ఈ వాక్యం ఇలా రాసేవాణ్ణి కాదు.

గుంటూరు కారుకు చివరికి ఉపాయం చెప్పింది కూడా ఆ పిన్నిగారే. ఏసీ గొట్టం కింద బకెట్టు పెడితే వేసవిలో తెల్లవారేసరికి నిండుతుంది, ఆ నీరు పనికొస్తుందా అని ఫోనులో అడిగారు. వెళ్లి మీటరు పెడితే 22 చూపించింది. అది గాలిలోని ఆవిరి చల్లబడి కారిన నీరు, లవణం దాదాపు ఉండదు. ఇప్పుడు వాచ్‌మన్ మామూలు నీళ్లతో కడిగి, చివరి బకెట్టు ఏసీ నీళ్లు పోసి తుడుస్తున్నాడు. మొన్న జూన్‌లో సర్వీసుకు వచ్చినప్పుడు బానెట్ మీద టార్చి వేసి వెతికితే ఏడు మరకలు లెక్కకు వచ్చాయి. వాచ్‌మన్ ఊరికెళ్లిన వారానివో, చలికాలంలో ఏసీ ఆపేసిన నెలలవో పెద్దాయన చెప్పలేకపోయారు.