క్రిస్మస్ బట్టల స్కీం కార్డు ఉందా? షాపుకి వెళ్లేముందు ఇది చదవండి

అందరికీ వందనాలు. విజయనగరం, నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి వైపు చాలామంది బట్టల షాపుల్లో "క్రిస్మస్ కార్డు" కడుతున్నారు. నెలకు వెయ్యి చొప్పున మనం పదకొండు నెలలు కట్టాలి. పన్నెండో వెయ్యి షాపు వాళ్లు కలుపుతారు. డిసెంబరులో 12,000 రూపాయల బట్టలు తెచ్చుకోవచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. మా ఇంట్లో ఒక కార్డు, మా తోటికోడలి పేరున ఒక కార్డు కట్టాం. ఈ నెల మొదట్లో వాడుకోబోతే ఏం జరిగిందో రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. అయినా ఇది ఒక్క షాపు పద్ధతి కాదు. మీ కార్డు మీద ఏ పేరున్నా ఈ షరతులు మీకూ ఎదురవ్వొచ్చు.

కార్డులో చేరినప్పటి సంగతి ముందు చెప్పాలి. జనవరిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు బయట టేబుల్ వేసుకుని కూర్చున్నారు. "షాపులో ఏదైనా తీసుకోవచ్చక్కా, ఏ ఫ్లోర్‌లోనైనా" అని ఆ అమ్మాయి అందరికీ చెప్పింది. కార్డు ముందువైపు నెలల గళ్లు, సంతకాలు. వెనక "షరతులు వర్తిస్తాయి" అన్న ఒక్క ముక్క. ఆ షరతులేమిటో కార్డు మీద లేవు, వేరే కాగితమూ ఇవ్వలేదు.

విజయనగరం గంటస్తంభం దగ్గర డిసెంబరు రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. లోపలికి వెళ్తే కింద రెండు అంతస్తుల్లోనూ 25 శాతం తగ్గింపు బోర్డులు. పిల్లకి గౌను, బాబుకి ప్యాంటు చొక్కా, అత్తగారికి చీర, మావారికి చొక్కాలు చూసుకుని బిల్లు దగ్గర కార్డు ఇచ్చాం. "కార్డుకి డిస్కౌంట్ సరుకు రాదు మేడమ్, పైన ఫ్రెష్ స్టాక్ మీదే" అన్నారు. తీసినవన్నీ అక్కడే వదిలి పైకి వెళ్లాం. పైన మావారు ఒక చొక్కా తిప్పి చూసి నవ్వారు. కింద మేం వదిలేసి వచ్చిందే. అదే కంపెనీ, అదే డిజైను, ట్యాగు మీద అదే 1,499. కింద పావు వంతు తగ్గింపు, పైన పైసా తగ్గింపు లేదు. ఫ్రెష్ స్టాక్ అంటే ఒక మెట్ల వరుస ఎక్కి వచ్చిన స్టాక్ అన్నమాట.

సరే అని అక్కడే తీసుకున్నాం. బిల్లు 11,400 అయింది. అప్పుడు రెండో షరతు బయటికొచ్చింది. కార్డు మొత్తం ఒకే బిల్లులో వాడెయ్యాలి, మిగిలింది వెనక్కి రాదు, సంక్రాంతికి వాడుకుంటామన్నా కుదరదు. 600 పోతాయట. పోకూడదంటే 1,450 చీర ఒకటి తీసుకోండి, తేడా 850 ఫోన్‌లో కొట్టెయ్యండి అని సలహా కూడా వాళ్లే ఇచ్చారు. మన 600 కాపాడుకోవడానికి ఇంకో 850 తియ్యాలి! వెనక లైన్లో ఉన్న, గుర్ల ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ "ఏటి బాబూ, మా డబ్బులు మాకియ్యడానికి ఇన్ని లెక్కలేటి?" అని అడిగేసింది. కౌంటర్ అబ్బాయి తల ఎత్తలేదు. పాపం ఆ అబ్బాయి జీతానికి పనిచేసేవాడే. మావారు మాత్రం ససేమిరా ఒక్క రూపాయి కూడా పైన పెట్టనన్నారు. సరిగ్గా 600కి ఏముంటే అది ఇమ్మంటే రెండు దుప్పట్లు కట్టారు. దుప్పట్లు మాకు అక్కర్లేదు. తోటికోడలి కార్డులోనూ అంతే మిగిలితే తను మాత్రం ఆ చీర తెచ్చుకుంది. ఆ రంగు చీర తన దగ్గర ముందే ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి, అసలు విషయం ఇక్కడే ఉంది. కార్డు మీద 12,000 అని ఉన్నా ఆ 12,000 ట్యాగు ధరకే చెల్లుతుంది. అదే ట్యాగు ధర సరుకు కింది అంతస్తులో నగదుకి 9,000కే వస్తోంది. మనం పదకొండు నెలలుగా కట్టింది 11,000. వాళ్లు వెయ్యి బోనస్ ఇచ్చారని మనం సంబరపడుతుంటే, చేతిలో డబ్బుతో నేరుగా వెళ్లినవాళ్లు అవే బట్టలు మనకంటే 2,000 తక్కువకి తీసుకెళ్తున్నారు. వాపు చూసి బలుపు అనుకోమంటున్నారు. రెండు కార్డులంటే 4,000. ఆ డబ్బుతో మా రెండిళ్ల పండగ వంటలు పూర్తిగా అయిపోతాయి.

బ్యాంకులో నెలకు వెయ్యి ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టి ఉంటే? ఆరున్నర శాతం వడ్డీ వేసుకున్నా పదకొండు నెలలకి వచ్చేది సుమారు 350 రూపాయలు. వెయ్యి పక్కన పెడితే చిన్న మొత్తమే, కాదనను. కానీ ఆ 11,350తో ఏ షాపుకైనా వెళ్లొచ్చు, ఏ అంతస్తులోనైనా కొనొచ్చు, అసలు కొనకుండా ఊరుకోవచ్చు కూడా. కార్డుతో ఆ చివరిది కుదరదు. పండగకి తక్కువ ఖర్చు పెడదామని ఎంత గట్టిగా అనుకున్నా, 12,000 ఖర్చు పెట్టి తీరాలని జనవరిలోనే మన చేత సంతకం పెట్టించుకుంటున్నారు.

ఇంటికొచ్చాక గౌను తొడిగి చూస్తుంటే జిప్పు ఊడి చేతికొచ్చింది. వెనక్కి తీసుకెళ్తే బిల్లు కింద ముద్ర చూపించారు: "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". ఈ ముద్ర చూసి చాలామంది తిరిగి వచ్చేస్తారు. అలా రాకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకెళ్తే, వెనక్కి తీసుకోనని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ముద్ర కొట్టినంత మాత్రాన అది చెల్లిపోదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే లెక్కలోకి వస్తుంది. ఒక్క జాగ్రత్త, ఇది లోపమున్న సరుకుకే. రంగు నచ్చలేదు, సైజు చాలలేదు అంటే షాపు దయ.

ట్యాగు మీద ఎమ్మార్పీ అంటే పన్నులన్నీ కలిపిన ధర. దాని మీద మళ్లీ జీఎస్టీ అని కలిపితే ఒప్పుకోకండి. మా తోటికోడలి బిల్లులో అలా కలిపారు, గట్టిగా అడిగితే తీసేశారు. ఇంకో సంగతి, 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కో రెడీమేడ్ బట్ట ధర 2,500 వరకు అయితే పన్ను 5 శాతం, దాటితే 18. పెద్దవాళ్లకి రెడీమేడ్ బట్టలు చూస్తున్నప్పుడు 2,500కి కాస్త అటూ ఇటూ ఉన్నవాటిలో ఈ తేడా గుర్తుంచుకోండి. కేకుల మీద పన్ను కూడా అదే రోజు 18 నుంచి 5కి తగ్గింది. బేకరీ బిల్లులో పాత శాతం వేస్తే అడగండి.

ఇంకా కార్డు వాడనివాళ్లు ఇలా చెయ్యండి. షాపుకి వెళ్లగానే బట్టల వైపు వెళ్లకుండా ముందు కౌంటర్ దగ్గర షరతులన్నీ రాసి ఇమ్మనండి. రాసివ్వకపోతే వాట్సాప్‌లో పెట్టమనండి. కార్డు రెండు వైపులా ఫొటో తీసుకోండి, ఎందుకంటే బిల్లు కాగానే కార్డు లాగేసుకుంటారు. కింద తగ్గింపులో ఉన్న బట్టకీ పైన ఉన్న అదే బట్టకీ ట్యాగులు ఫొటో తీసుకుంటే ఫిర్యాదులో దానంత బలం ఇంకేదీ ఉండదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, షాపు ఎక్కడున్నా సరే. కొన్న సరుకుకి ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

ఈ కార్డులన్నీ పదకొండు నెలలే ఎందుకుంటాయా అని నాకు చాలాకాలంగా ఉండేది. కంపెనీల విషయంలో 2014 డిపాజిట్ నియమాల ప్రకారం సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకి 365 రోజుల్లోపు సరుకు ఇచ్చెయ్యాలి, లేకపోతే అది డిపాజిట్ కింద లెక్క. బంగారం స్కీములకీ అందుకే ఆ పదకొండు. షాపు వాళ్లు మనకేదో ఒక నెల మినహాయింపు ఇచ్చారనుకోవక్కర్లేదు.

వీటికంటే ప్రమాదమైనవి లక్కీ డ్రా కార్డులు. నెలనెలా డ్రా, పేరు వచ్చినవాళ్లకి కుక్కరో మిక్సీయో ఇచ్చి మిగతా వాయిదాలు కట్టక్కర్లేదంటారు. ఇలాంటి ప్రైజ్ చిట్లని 1978లోనే చట్టం చేసి నిషేధించారు. వీటిలో డబ్బు పోతే అడగడానికి చేతిలో కాగితం కూడా ఉండదు. మామూలు పండగ చిట్టీ వేసే మనిషి ఎంత తెలిసినవారైనా, ఆ చిట్టీ 1982 చట్టం కింద రిజిస్టరైందో లేదో అడగండి. మన డ్వాక్రా గ్రూపుల్లో పాస్‌బుక్కులు చూసి చూసి అలవాటైన చేతులే కదా మనవి, ఇక్కడ మాత్రం మొహమాటపడిపోతాం.

ఇక ఈ పండగ మాకెలా గడుస్తోందంటే, నిజానికి హాయిగానే. కార్డులో పోయింది పోగా మిగతా ఖర్చు తగ్గించేశాం. నక్షత్రానికి నిరుటి వెదురు చట్రమే, కాగితం మాత్రం కొత్తది, అతికించే పని పిల్లలదే. లోపల 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెట్టాం. నెలంతా రోజుకి పన్నెండు గంటలు వెలిగినా మూడున్నర యూనిట్లు దాటదు, పాత బల్బుకైతే ఇరవై దాటేది. కేకు ఇంట్లో కుక్కర్‌లోనే, అడుగున ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి. దానిలోకి పలాస జీడిపప్పు బద్ద తెచ్చాం. గుండు పప్పు ధర వేరు, కేకులోకి, పాయసంలోకి వెళ్లాక గుండైనా బద్దైనా పంటికి తేడా తెలియదు. పెద్ద బేకరీల్లో రిబ్బను కట్టిన బుట్టలు అమ్ముతున్నారు చూశారా? ఒకసారి విడివిడిగా వాటిలోని ఎమ్మార్పీలు కలిపి చూడండి. నేను కలిపిన బుట్టలో మనం బుట్టకీ, రంగు కాగితానికీ ఇచ్చేది లోపలి బిస్కెట్ల కంటే ఎక్కువ. వాటి బదులు ఇరుగుపొరుగుకి ఎప్పటిలా అరిసెలూ జంతికలూ.

సెమీ క్రిస్మస్‌కి యూత్ పిల్లలు కానుకల మార్పిడికి 150 దాటకూడదని వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు. పెద్దవాళ్ల కంటే నయం.

బట్టల విషయంలో వచ్చే ఏడాదికి మా ఏర్పాటు ఇది. జనవరి నుంచి బ్యాంకులో ఏడాది ఆర్డీ. పోస్టాఫీసులో వద్దు, ఇలాంటి దానికి. అక్కడి ఆర్డీ ఐదేళ్లది, మూడేళ్లు నిండితేగానీ ముందుగా మూయనివ్వరు. పెద్దవాళ్ల బట్టలు ఆషాఢం తగ్గింపుల్లో కొనేస్తాం. శుభకార్యాలు లేక షాపులు ఖాళీగా ఉండే నెల అది, కదిపి బేరమాడితే వింటారు, మనకేమో ఆషాఢం పట్టింపు లేదు. పిల్లలకి మాత్రం డిసెంబరులోనే, జూలైలో కొన్న గౌను క్రిస్మస్‌కి మోకాళ్ల పైకి వచ్చేస్తుంది.

ఫిర్యాదు సంగతి: 1915కి చెప్పాక షాపు నుంచి ఫోన్ వచ్చింది. గౌను మార్చి ఇస్తామన్నారు, దుప్పట్ల గురించీ తోటికోడలు కట్టిన 850 గురించీ "మేనేజర్‌ని అడగాలి" అంటున్నారు. మార్చడం కాదు, డబ్బే ఇమ్మని రాసి పంపాం. జవాబు రాకపోతే జనవరిలో కమిషన్‌లో వేస్తాం. మీలో ఎవరి దగ్గరైనా షరతులు వెనక అచ్చు వేసిన కార్డు ఉంటే, ఏ షాపుదైనా సరే, పేరూ నంబరూ చెరిపి రెండు వైపులా ఫొటో పెట్టండి. మా కార్డు ఇప్పుడు వాళ్ల దగ్గరే ఉంది, పోల్చి చూపించడానికి పనికొస్తుంది.