జైల్లో దిగులుకి ఏది మేలు: మాత్రా, మౌనమా, నలుగురిలో మాటా?

న్యాయ సహాయం పని మీద జైలుకు వెళ్ళేవాళ్ళకి ఇది అనుభవమే. కేసు గురించి అడుగుదామని కూర్చుంటే ఖైదీ వాయిదా తేదీ చెప్పేసి, మిగతా సేపంతా ఇంటి సంగతే మాట్లాడతాడు. యాభై దాటిన రిమాండ్ ఖైదీ ఒకాయన నాతో, "బెయిల్ సంగతి తర్వాత చూద్దాం సార్. మా నాయన పోయాడు. కొరివి మా చిన్నాన్న కొడుకు పెట్టాడంట" అన్నాడు. తర్వాత గోడ వంక చూస్తూ ఉండిపోయాడు. రాత్రిళ్ళు నిద్రపోడనీ, అన్నం కెలికి వదిలేస్తాడనీ పక్కవాళ్ళు చెప్పారు.

ఇలాంటి మనిషికి ఏం చేయాలి?

మాత్రల సంగతి త్వరగా తేల్చేయొచ్చు. డిప్రెషన్ ముదిరితే, తిండి మానేస్తే, చావు మాట ఎత్తితే, ముందు సైకియాట్రిస్టు చూడాలి, మందు పడాలి. ఇందులో వాదన అక్కర్లేదు. మన జైళ్ళలో అసహజ మరణాల్లో ఎక్కువ ఆత్మహత్యలే. కాకపోతే మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. జైల్లో మాత్రలు దాచుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి మింగించాలి. పైగా కొరివి పెట్టలేదన్న బాధ మాత్రతో పోయేది కాదు.

విడిగా కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్ మంచిదే, మనిషి మనసు విప్పడానికి అంతకంటే గుట్టైన చోటు ఉండదు. చిక్కంతా లెక్కలో ఉంది. 500 మంది ఖైదీలకి ఒక కౌన్సెలర్ ఉండాలని కేంద్రం ఇచ్చిన 2016 నమూనా జైలు మాన్యువల్ చెబుతుంది. ఆ ఒక్కరూ నిజంగా ఉన్నారనే అనుకుందాం. రోజుకి ఐదుగురిని చూస్తే అందరినీ ఒక్కసారి చూడ్డానికే వంద పనిదినాలు పడుతుంది. రెండోసారి పిలుపు వచ్చేలోపు ఆ మనిషి ఎక్కడుంటాడో!

ఇక విపశ్యన, అంటే మౌనంగా కూర్చుని చేసే ధ్యానం. మన దేశపు జైళ్ళలో దీనికి పాత చరిత్రే ఉంది. 1975లో జైపూర్ సెంట్రల్ జైల్లో మొదలైంది. 1994 ఏప్రిల్‌లో, కిరణ్ బేడీ జైళ్ళ ఐజీగా ఉన్నప్పుడు, తీహార్‌లో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి పది రోజుల శిబిరంలో కూర్చున్నారు. కోపం అదుపులో పెట్టుకోవాలనుకునేవాడికి అది మేలు చేస్తుందనే నేను నమ్ముతాను. కానీ దిగులు వేరు. ఒకే ఆలోచన చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నవాడిని పది రోజులు నోరు మూసుకుని కూర్చోమనడానికి నాకు మనసొప్పదు. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి ఈ శిబిరం తగదని విపశ్యన నిర్వాహకులే చెబుతారు.

నలుగురిలో మాట్లాడించే పద్ధతుల్లో జైలుకి బాగా అతికేది ఐపీటీ, అంటే ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ: మనిషికి తన చుట్టూ ఉన్నవాళ్ళతో ఉన్న సంబంధాలని సరిచేస్తూ దిగులు తగ్గించే మాటల వైద్యం. 1970లలో దీన్ని అమెరికా పరిశోధకులు క్లెర్‌మన్, మిర్నా వైస్‌మన్ రూపొందించారు. దిగులుకి కారణాలు వెతికేటప్పుడు ఇది ముఖ్యంగా నాలుగు చోట్ల చూస్తుంది: ఎవరైనా పోయారా, ఎవరితోనైనా గొడవా, బతుకులో పెద్ద మార్పు వచ్చిందా, ఒంటరితనమా. జైల్లో ఉన్నవాడికి ఈ నాలుగూ కట్టగట్టుకుని వస్తాయి. నిన్నటిదాకా ఇంటి పెద్ద, ఈ రోజు ఒక నంబరు.

గ్రూపులో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒకడికి భార్యతో ఫోన్లో మాట్లాడే వంతు రేపు. ప్రతిసారీ డబ్బు దగ్గర మొదలై తిట్లతో ముగుస్తుంది. మిగతావాళ్ళలో ఒకరు భార్యగా మాట్లాడతారు, ఇతను ఆ ఫోన్ కాల్‌ని అక్కడే రిహార్సల్ చేస్తాడు. "ముందు పిల్ల బడికి పోతుందా అని అడుగు, వకీలు ఫీజు ఆఖర్న ఎత్తు" అని మూడోవాడు సలహా ఇస్తాడు. కౌన్సెలర్ ఇదే మాట చెబితే తల ఊపి ఊరుకుంటాడు. అదే తప్పు చేసి దెబ్బ తిన్నవాడు చెబితే వింటాడు. నాకు కనిపించిన ఆ పెద్దాయన సంగతే చూడండి. బ్యారక్‌లో అంతమంది ఉన్నారు, కన్నవాళ్ళని ఆఖరిచూపు చూసుకోలేకపోయినవాడు ఇంకొకడైనా ఉండడా?

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో రోడ్ ఐలండ్, మసాచుసెట్స్ జైళ్ళలో డిప్రెషన్ ఉన్న 181 మంది ఖైదీలతో చేసిన పరిశోధన 2019లో వచ్చింది. జైల్లో మామూలుగా దొరికే వైద్యానికి గ్రూపు ఐపీటీ జోడిస్తే దిగులు, నిరాశ తగ్గాయి, డిప్రెషన్ నుంచి బయటపడ్డవాళ్ళు పెరిగారు.

ఒప్పుకోవాల్సిన లోపాలు కూడా ఉన్నాయి. గ్రూపులో అన్న మాట సాయంత్రం లాకప్ పడేసరికి బ్యారక్ అంతా పాకొచ్చు. ఏడ్చినవాడిని మర్నాడు వెక్కిరిస్తారు. కేసు వివరాలు నోరు జారితే ఇంకా ముప్పు, కాబట్టి "ఇక్కడ కేసు మాట వద్దు" అన్న నియమం మొదటి రోజే పెట్టాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, 2022 లెక్కల ప్రకారం మన ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. వాయిదాకో, బెయిల్ మీదో ఎప్పుడు వెళ్ళిపోతారో తెలియనివాళ్ళతో పది వారాల గ్రూపు నిలబడదు. నా మటుకు, పూర్తి గ్రూపు శిక్ష పడ్డవాళ్ళకి పెట్టాలి, రిమాండ్ వాళ్ళకి దాన్ని నాలుగైదు సిట్టింగులకి కుదించాలి. చావు మాట ఎత్తినవాడిని మాత్రం గ్రూపు కోసం ఆపకుండా నేరుగా డాక్టరు దగ్గరికి పంపాలి.

ఖర్చు గురించి అడిగేవాళ్ళకి ఆ అమెరికా పరిశోధనలోనే జవాబుంది. శిక్షణ, పర్యవేక్షణ కలిపితే మనిషికి 2,054 డాలర్లు, అవి తీసేస్తే 575. అంటే డబ్బు ఎక్కువగా పోయింది నేర్పడానికే. మన దగ్గర కూడా ముందు వెల్ఫేర్ ఆఫీసర్లకి నేర్పాలి. సూపరింటెండెంట్ వారానికి రెండు గంటలు తలుపు మూసిన గది ఒకటి ఇవ్వాలి, వార్డర్ బయట ఉండాలి.