వింటికర్ర: బద్దగా ఉంచి ఏళ్ల తరబడి ఆరబెట్టాలా, పచ్చిగానే చెక్కి ఆరబెట్టాలా? ఏది మేలు?

సొంతంగా విల్లు చేసుకోవాలని మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ ముందుగా అడిగేది "ఏ చెట్టు కర్ర మంచిది?" అని. నన్నడిగితే, చెట్టు కన్నా దాన్ని ఆరబెట్టే తీరే ముఖ్యం. చాలా మంచి కర్ర కూడా ఆరబెట్టడం తెలియక నెర్రెలిచ్చి పొయ్యిలోకి పోతుంది. ఓ మాదిరి కర్రే అయినా సరిగా ఆరితే ఏళ్ల తరబడి నమ్మకంగా బాణం వదులుతుంది.

దారులు రెండు. మొదటిది, దుంగను నిలువునా చీల్చి, ఆ బద్దలను నీడలో ఏడాదో రెండేళ్లో వదిలేయడం. రెండోది, కర్ర పచ్చిగా ఉండగానే విల్లు ఆకారానికి దగ్గరగా చెక్కేసి, పలచబడ్డ ఆ ముక్కను రెండు మూడు నెలల్లో ఆరబెట్టడం. కోసిన పలక కొనడమనే మూడో దారి కూడా ఉంది కానీ, రంపం పోగును, అంటే కర్రలో నిలువునా సాగే నారను, చూసి కోయదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పోగు తెగని పలక వందలో ఒకటి దొరికితే గొప్ప. అలాంటిది దొరికితే తీసుకోండి, లేకపోతే చెట్టు దగ్గరికే వెళ్లాలి. అనుమతి తీసుకునే నరకాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఏ దారైనా మొదట దుంగను చీల్చాల్సిందే, గుండ్రంగా మాత్రం ఉంచకూడదు. ఎందుకంటే కర్ర అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. ఏటేటా పెరిగే వలయాల వెంట, అంటే చుట్టూ, ఎంత కుంచించుకుంటుందో, బెరడు నుంచి నడిమికి దాదాపు అందులో సగమే కుంచించుకుంటుంది. పొడవులో అయితే దాదాపు ఏమీ ఉండదు. చుట్టుకొలత తగ్గిపోతున్నా లోపలి గుండు అంతగా తగ్గదు కాబట్టి ఎక్కడో ఒకచోట బెరడు నుంచి నడిమిదాకా పగలక తప్పదు. ముందే చీల్చేస్తే ఆ బిగువు విడిపోతుంది. పైగా చీలిక పోగు వెంటే వెళ్తుంది. దుంగలో మెలి ఉంటే అప్పుడే బయటపడుతుంది. నరకకముందే చూడాలంటే బెరడు మీది గీతలు చూడండి, అవి కాండం చుట్టూ తిరుగుతూ పైకి వెళ్తుంటే ఆ చెట్టును వదిలేయడమే మంచిది.

చివరలకు పూత వేయడం ఇంకా అవసరం. కర్రలో నీళ్లు పోగు వెంటే పరుగెత్తుతాయి కాబట్టి, కోసిన ముఖం పక్కల కన్నా ఎన్నో రెట్లు వేగంగా ఆరుతుంది. నా మొదటి దుంగను సాయంత్రం కోసి, "రేపు వేద్దాంలే" అని పూత వేయకుండా పడుకున్నాను. ఎండల రోజులు. తెల్లారి చూస్తే చివర ముఖం మీద నడిమి నుంచి గోరంత వెడల్పు పగుళ్లు నక్షత్రంలా విచ్చుకుని ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ రెండు పక్కలా జానెడు జానెడు కోసేశాక, విల్లుకు కావలసిన పొడవు మిగల్లేదు. అప్పటి నుంచి రంపం కింద పెట్టకముందే చెక్క జిగురు రెండు పూతలు రాస్తాను. మైనం, పాత పెయింట్ కూడా పనిచేస్తాయి. విల్లు ఐదున్నర అడుగులు అనుకుంటే దుంగ ఆరడుగులు ఉండాలి.

ఇప్పుడు మొదటి దారి. బద్దగా ఉంచి ఆరబెట్టడంలో ఉన్న పెద్ద సుఖం నిదానం. చెక్క లోపలి నీళ్లు, పైపొర నీళ్లు దాదాపు కలిసి నడుస్తాయి, పగుళ్లు తక్కువ. ఏ విల్లు చేయాలో ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ఆరాక బద్ద ఎటు వంగిందో చూసి, ఆ వంపును వాడుకుంటూ విల్లు గీసుకోవచ్చు. అంగుళం మందానికి ఏడాది అని పాతవాళ్లు చెప్పే లెక్క ఇలాంటి బద్దలకే. అయితే ఆ లెక్కలో ఒక మోసం ఉంది. కర్ర ఆరేది కేలెండర్‌ను బట్టి కాదు, గాలిని బట్టి. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట కర్ర సుమారు 9 శాతం తేమ దగ్గర ఆగుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే 16 శాతం దగ్గరే ఆగిపోతుంది, పదేళ్లు ఉంచినా అంతే. విల్లుకు కావలసింది 8 నుంచి 10 శాతం. 12 దాటితే విల్లు విరగదు కానీ, నారి దించాక కూడా వంగిపోయే ఉంటుంది, బాణంలో ఊపు ఉండదు. 6 కన్నా తగ్గితే పెళుసెక్కి విరుగుతుంది. కాబట్టి "రెండేళ్లు అటక మీద ఉంచాను" అన్న మాట ఒక్కటే నాకు చాలదు.

ఈ దారిలో ఇంకో ఇబ్బంది పురుగు. బెరడుతో ఉంచితే దాని కిందుండే తెల్ల చెక్కలో పురుగు పడినా, బయటికి పిండిలాంటి పొడి రాలేదాకా మనకు తెలియదు. యాష్, ఎల్మ్, హికరీ లాంటి కర్రలకు బెరడు తీసేసి వీపు మీద, అంటే విల్లు పట్టుకున్నప్పుడు గురివైపు ఉండే ముఖం మీద, లక్క వార్నిష్ రాయాల్సిందే.

రెండో దారిలో పని ముందే జరుగుతుంది. పచ్చికర్ర కత్తికి వెన్నలా తెగుతుంది. ఎండిన హికరీని బాడిసతో చెక్కినవాళ్లకు ఆ తేడా భుజాలకు తెలుస్తుంది. కొమ్ములను, అంటే పిడికి అటూ ఇటూ వంగే భాగాలను, రెండు సెంటీమీటర్ల మందానికి, ఐదు సెంటీమీటర్ల వెడల్పుకు దించాక నీళ్లకు బయటికి రావలసిన దూరం చాలా తగ్గిపోతుంది. మందం సగమైతే ఆరే సమయం సగం కన్నా తక్కువకే పడిపోతుంది. రెండేళ్ల పని రెండు మూడు నెలల్లో అయిపోతుందంటే కారణం అదే.

కానీ ఈ దారికి కాపలా కావాలి. పచ్చికర్రలో ముందు పోయేది కర్రలోని సన్నని గొట్టాల్లో ఉండే నీరు, అప్పుడు కర్ర కుంచించుకోదు. తేమ 30 శాతం కన్నా దిగాక ఆ గొట్టాల గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, పగుళ్లూ మెలికలూ అప్పుడే. పైపొర మాత్రం మొదటి వారంలోనే ఆ స్థితికి వచ్చేస్తుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు ఎండా ఫ్యాన్ గాలీ తగలనివ్వను. కొమ్మును నిటారైన పలకకు జానెడుకొక కట్టు వేసి బిగించేస్తాను. కట్టకుండా వదిలిన కొమ్ము ఒకసారి పాములా తిరిగింది, తర్వాత ఆవిరి పట్టి సరిచేసినా మొండిగా కొంచెం మిగిలిపోయింది. పిడి దగ్గర మందం ఎక్కువ కాబట్టి అక్కడ ఆరేది ఆలస్యం. కొమ్ములతో పోటీపడి పగలకుండా పిడి పక్కలకు కూడా పూత రాయాలి. ఈ జాగ్రత్త ఎవరూ చెప్పరు, నేను ఒక పిడి పోగొట్టుకుని నేర్చుకున్నాను.

మొదటి వారాలు దాటాక వెచ్చని పెట్టె వాడొచ్చు. పొడవాటి డబ్బా, లోపల పాతకాలపు తీగబల్బు, రెండు చివరలా గాలి రంధ్రాలు, ఒక థర్మామీటర్. 38, 40 డిగ్రీలు చాలు. బల్బుకూ కర్రకూ మధ్య బాగా ఎడం ఉండాలి, ఇంట్లో మనిషి లేనప్పుడు వెలిగించి వెళ్లకూడదు. తేమ గాలి ఉన్నచోట 9 శాతానికి దించే ఉపాయం ఇదే, మొదటి దారిలో ఎంత ఓపిక పట్టినా రానిది.

మరి ఏది మేలు? కర్రను బట్టి చెబుతాను. బెరడు తీయగానే వీపు సిద్ధంగా ఉండే యాష్, ఎల్మ్ లాంటి తెల్ల జాతులకు రెండో దారే. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురదనేలలో 1944లో దొరికిన, మధ్య శిలాయుగం నాటి విల్లు ఎల్మ్ కర్రే. ఇలాంటి కర్రను చెట్టులో రసం బాగా పారే కాలంలో నరికితే బెరడు అరటిదొప్పలా ఊడిపోతుంది, కత్తి తగలని నున్నటి వీపు దక్కుతుంది. ఆ వీపు మీదే లాగుడంతా పడుతుంది, ఒక్క పోగు తెగినా విల్లు అక్కడి నుంచే చీలి లేస్తుంది.

చేవ గట్టిగా ఉండే ఓసేజ్ ఆరెంజ్ అనే అమెరికా చెట్టు లాంటి వాటికి మొదటి దారి. దాని పసుపు చేవ పుచ్చిపోదు, పురుగు త్వరగా ముట్టదు, ఏళ్లు దాచినా భయం లేదు. వీపు కోసం తెల్ల చెక్కను తీసేసి ఒకే వలయాన్ని చివరి నుంచి చివరిదాకా తెగకుండా వెంటాడుతూ చెక్కే పని నిదానంగా, ఎండిన కర్ర మీదే బాగుంటుంది. యూ అనే చెట్టు కర్ర కూడా ఈ కోవకే వస్తుంది కానీ, దానికి తెల్ల చెక్కను ఉంచాలి. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌకలోని విల్లులు అలాంటివే: వీపున తెల్ల చెక్క, కడుపున, అంటే మనవైపు ఉండే ముఖాన, చేవ. తెల్లది లాగుడుకు ఆగుతుంది, చేవ నొక్కుడుకు ఆగుతుంది.

మొదటిసారి చేస్తున్నవారికైతే నా సలహా: ఒకే దుంగలో నాలుగు బద్దలు వస్తాయి కదా, ఒకదాన్ని ఇవాళే చెక్కండి, మూడింటిని పూత రాసి దాచండి. మొదటిది విరిగినా రెండోదానికి ఏం మార్చాలో చేతికి తెలుస్తుంది.

ఆరిందా లేదా అన్నది త్రాసును అడగండి. బద్ద మీదే పెన్సిల్‌తో తేదీ, బరువు రాస్తూ వారానికోసారి తూయండి. మూడు వారాలు వరసగా అంకె కదలకపోతే అక్కడి గాలితో కర్ర సమానమైనట్టు. శాతం కావాలంటే అదే బద్ద నుంచి, చివర కాకుండా కాస్త లోపలి నుంచి, ఓ చిన్న చెక్కు తీయండి. 44 గ్రాములు తూగిందనుకుందాం. దాన్ని 100 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఉంచితే 40కి దిగింది. పోయిన 4 గ్రాములను 40తో భాగిస్తే 10 శాతం. ఆ చెక్కు ఆ అంకె చెప్పాకే కొమ్ములను వంచడం మొదలుపెట్టండి.