ఆర్వీలో ఎల్లోస్టోన్ నుంచి జయాన్ దాకా 17 రోజులు: ఎక్కడ బాగుంది, ఎక్కడ ఇబ్బంది పడ్డాం

2024 జూన్‌లో మేం ఐదుగురం, అంటే నేను, మావారు, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్న, షికాగో దగ్గర 25 అడుగుల ఆర్వీ, అంటే వంటగది, పడకలు, బాత్రూమ్ అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని అమెరికా పడమటి వైపు నేషనల్ పార్కులు తిరిగొచ్చాం. బాడ్‌లాండ్స్, ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటాన్, బ్రైస్, జయాన్, ఆర్చెస్ చూసుకుని డెన్వర్ మీదుగా వెనక్కి. మొత్తం 4,100 మైళ్లు. పెద్దవాళ్లతో వెళ్లడానికి ఆర్వీ చాలా మంచిది, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ మేం చేసినట్టు షికాగోలో ఎక్కి మళ్లీ షికాగోలో దిగడం మాత్రం వద్దు.

ఎందుకంటే పార్కులు మొదలయ్యేదాకా, అయిపోయాక ఇంటికి చేరేదాకా, ఆ రెండూ కలిపితేనే దాదాపు 1,900 మైళ్లు, ఐదు రోజులు. మా బండి గాలన్‌కి తొమ్మిది మైళ్లు ఇచ్చింది. రోజు అద్దె 180 డాలర్లు అని చూసి బాగానే ఉందనుకున్నాం గానీ, దానిమీద మైలుకి 40 సెంట్లు వేరే, పెట్రోలు మరో 40 సెంట్లు. అంటే చూడ్డానికి ఏమీ లేని మైళ్లకే 1,500 డాలర్లు పోయాయి, ఆ ఐదు రోజుల అద్దె ఇంకో 900. పైగా సౌత్ డకోటాలో ఐ-90 హైవే మీద పక్కగాలి కొడుతుంటే ఎత్తైన బండి కదా, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కూర్చోవాల్సిందే, మావారికి రెండో రోజు సాయంత్రానికి భుజాలు పట్టేశాయి. సాల్ట్ లేక్ సిటీకో డెన్వర్‌కో విమానంలో వెళ్లి అక్కడ బండి తీసుకుంటే ఈ బాధ ఉండదు, అదే డబ్బుతో అందరి టికెట్లూ వచ్చేవి.

బండి అప్పగించేటప్పుడు అద్దెకిచ్చినవాళ్లు పది నిమిషాల్లో అన్నీ చూపించేసి తాళాలు చేతిలో పెట్టారు. ఫ్రిజ్ గురించి చెప్పాల్సిన ముఖ్యమైన మాట చెప్పలేదు. ఈ బండ్లలో చాలావాటికి ప్రొపేన్ గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఉంటుంది, బండి ఒక పక్కకి ఒరిగి నిలబడితే అది సరిగ్గా చల్లబడదు. రెండో రాత్రి వాలుగా ఉన్న చోట ఆపాం, పొద్దున చూస్తే అమ్మ తోడేసి పెట్టిన పెరుగంతా పులిసిపోయి ఉంది, పాలు విరిగిపోయాయి. ఫోన్ చేస్తే ముప్పావుగంట హోల్డ్‌లో పెట్టి, చివరికి చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మలు కొనుక్కోండి అన్నారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది! దయచేసి మీరు బండి తీసుకునేటప్పుడు ప్రతి స్విచ్చీ, ప్రతి ట్యాంకూ వాళ్లచేత చేయించి వీడియో తీసుకోండి, వాళ్లు తొందరపెట్టినా సరే.

బాడ్‌లాండ్స్‌లో సీడర్ పాస్ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు ఉన్నాం. కరెంటు మాత్రమే ఉంటుంది, నీళ్ల కనెక్షన్, డ్రైనేజీ కనెక్షన్ ఉండవు. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు అన్నీ బండి కింద ఉండే వాడిన నీళ్ల ట్యాంకులోకే (గ్రే ట్యాంకు) పోతాయి కాబట్టి మన వంటకి అది ఒకటిన్నర రోజులో నిండిపోయింది. కానీ సాయంత్రం ఏడింటికి ఆ మట్టిగుట్టల మీద చారలు గులాబీరంగులోకి తిరగడం బండి తలుపు దగ్గర కూర్చునే చూశాం, ఇంకెక్కడా అలా కుదరలేదు.

అక్కడి నుంచి ఎల్లోస్టోన్‌కి బిగ్‌హార్న్ కొండలు దాటాలి. మ్యాప్‌లో 14ఎ రోడ్డు దగ్గర దారిగా కనిపిస్తుంది, పెద్ద బండితో దాన్ని పట్టుకోకండి, దిగుడు మరీ ఎక్కువ. మేం బఫెలో ఊరి నుంచి 16వ నంబరు రోడ్డు మీద వెళ్లాం, అదీ 9,666 అడుగుల దాకా ఎక్కుతుంది గానీ మలుపులు నెమ్మదిగా ఉంటాయి. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజన్‌తోనే ఆపుకుంటూ రావాలి. ఈ మాట మావారికి నాన్నే చెప్పారు, ముప్పై ఏళ్లు ట్రాక్టర్ తోలిన మనిషి కదా.

ఎల్లోస్టోన్ కోసమైతే ఆర్వీ తీసుకున్నా తప్పులేదు. పార్కు లోపల కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ ఉన్న చోటు ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి అక్కడ గుడారాలు వేయనివ్వరు, గట్టి గోడలున్న బండ్లే ఉండాలి. రాత్రికి సుమారు వంద డాలర్లు, ఏడాది ముందే బుకింగ్ మొదలవుతుంది, జూన్, జులై అయితే ఆ మొదట్లోనే పట్టుకోవాలి. మూడు రాత్రులు ఉన్నాం. జూన్‌లో కూడా తెల్లవారుజామున గడ్డ కట్టేంత చలి, హీటర్ రాత్రంతా నడిచింది. ఆ ఎత్తులో, అంటే దాదాపు 7,700 అడుగుల్లో, నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు, కుక్కర్ తీసుకెళ్లండి. ఇంకోటి, అమ్మ పప్పులోకి తాలింపు వేసిందో లేదో పొగ అలారం మొత్తుకోవడం మొదలెట్టింది. పక్క బండివాళ్లు కంగారుగా తలుపు కొట్టారు. మర్నాటి నుంచి ఎండుమిరపకాయల తాలింపు బయట బల్ల మీద చిన్న స్టవ్ పెట్టి వేసి, వాసన వస్తువులన్నీ వెంటనే బండిలో సర్దేసేవాళ్లం, అక్కడ తిండి బయట వదిలేయడం నేరం.

హేడెన్ లోయలో అమెరికా అడవిదున్నలైన బైసన్‌లు రోడ్డుకి అడ్డంగా వచ్చేశాయి, నలభై నిమిషాలు కదల్లేదు. కార్లలో పిల్లలు ఏడుస్తున్నారు. మేం మాత్రం టీ పెట్టుకున్నాం, నాన్న బాత్రూమ్‌కి వెళ్లొచ్చారు. కిటికీ పక్కనే ఒకటి వెళ్తుంటే ఊపిరి శబ్దం లోపలికి వినిపించింది. నాన్న అద్దానికి చెయ్యి ఆనించి, "ఆ మూపురం చూడమ్మా, మన ఒంగోలు గిత్త లెక్కే ఉంది" అన్నారు. డెబ్బై రెండేళ్ల ఆయన మోకాళ్లతో దిగి నడవకుండానే ఇంత దగ్గరగా చూడగలిగారంటే అది ఈ బండి వల్లే.

గ్రాండ్ టీటాన్‌లో కోల్టర్ బే కూడా బాగుంది, మూడు కనెక్షన్లూ ఉన్నాయి, బట్టలు ఉతుక్కునే చోటు దగ్గర్లోనే ఉంది. మూస్-విల్సన్ రోడ్డులోకి మాత్రం ఆర్వీలను రానివ్వరు.

యూటాకి వచ్చేసరికి అదే బండి బరువైపోయింది. బ్రైస్‌లో పార్కు గేటు బయట ఒక ప్రైవేటు పార్కులో దిగాం, బండికీ బండికీ మధ్య తలుపు తెరుచుకునేంత చోటే ఉంది, డబ్బులు మాత్రం ఎల్లోస్టోన్‌తో సమానం. లోయ అంచు దగ్గరి పార్కింగ్‌లలో పగటిపూట పెద్ద బండ్లను ఉంచనివ్వరు, పార్కువాళ్ల షటిల్ బస్సు ఎక్కాల్సిందే.

బ్రైస్ నుంచి జయాన్‌కి వచ్చే దారిలో 1930లో పూర్తిచేసిన సొరంగం ఉంది, 1.1 మైళ్లు. 7 అడుగుల 10 అంగుళాలకన్నా వెడల్పైన బండి రెండు వరసల్లో పట్టదు, 15 డాలర్లు కట్టించుకుని ఎదురుగా వచ్చేవాళ్లను ఆపి మనల్ని మధ్యలో పంపించేవారు. లోపల చీకట్లో రాతికప్పు అద్దం మీదికి వంగి వస్తున్నట్టుంటే అమ్మ కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం చదువుకుంది. 2026 జూన్ 7 నుంచి పెద్ద బండ్లను ఆ దారిలో రానివ్వకూడదని పార్కు నిర్ణయించింది, కాబట్టి ఐ-15 మీదుగా చుట్టు తిరిగి రావడానికి సమయం లెక్క వేసుకోండి.

అక్కడికి చేరాక మాత్రం వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ అద్భుతం. కరెంటు ఉంది, జనరేటర్లు నిషేధం కాబట్టి రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది, షటిల్ స్టాపుకి నడిచి వెళ్లొచ్చు, బండి మూడు రోజులు కదపలేదు. ఆరు నెలల ముందు, సరిగ్గా బుకింగ్ తెరిచే నిమిషానికి కూర్చుంటేనే దొరుకుతుంది. ఆర్చెస్‌కి ఆ ఏడాది పగలు వెళ్లాలంటే ఫలానా టైముకని ముందే బుక్ చేసుకున్న టికెట్ ఉండాలి, మేం సాయంత్రం నాలుగు దాటాక వెళ్లాం, ఎండా తగ్గింది, టికెట్టూ అక్కర్లేకపోయింది.

వచ్చే వేసవికి గ్లేసియర్ నేషనల్ పార్కు అనుకుంటున్నాం. అక్కడ గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మీద కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. అందుకే ఈసారి ముందు రోడ్లు, క్యాంప్‌గ్రౌండ్లు రాసుకుని, ఆ తర్వాతే బండి పొడవు ఎంచుకుంటున్నాం, బహుశా 19 అడుగులది. అమ్మానాన్న మళ్లీ వస్తామన్నారు. నాన్న అడిగింది ఒక్కటే, అక్కడ కూడా బైసన్‌లు ఉంటాయా అని.