రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కార్డుకు డబ్బు కట్టే ముందు షరతుల పేజీ అడిగి తీసుకోండి

బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు కొంటూ, దానితో పాటు డీలరు అంటగట్టే ‘ఇరవై నాలుగు గంటల రోడ్‌సైడ్ అసిస్టెన్స్’ కార్డుకు కూడా డబ్బు కట్టబోతున్న తెలుగువారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు మీది ఒక దుకాణంలో మేము ఆటోమేటిక్ గేర్ల కారు తీసుకున్నప్పుడు, ‘దేశంలో ఎక్కడ ఆగినా ఒక్క ఫోను చాలు సార్, బండి వచ్చి ఎత్తుకుపోతుంది’ అని చెప్పి ఈ కార్డును బిల్లులో కలిపారు. ఆ మాటకూ, కార్డు వెనుక ఉన్న షరతులకూ ఎంత దూరమో హైవే పక్కన చీకట్లో నిలబడి తెలుసుకోవలసి రావడం డబ్బు నష్టం కన్నా పెద్ద విషయం, ఎందుకంటే కారు చెడిపోయిన తరువాత అసలు ప్రమాదమంతా ఎదురుచూపులోనే ఉంటుంది.

మేము అనంతపురం వెళ్తున్నాము. బాగేపల్లి టోల్‌గేటు దాటి, ఆంధ్రలో ప్రవేశించిన కాసేపటికి డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగింది, స్టీరింగు బిగుసుకుపోయింది, చూస్తుండగానే ఉష్ణోగ్రత ముల్లు పైకి లేచింది. ఫ్యాన్ బెల్టు తెగినప్పుడు కనిపించే లక్షణాలివి. చాలా కార్లలో బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరునూ ఇంజినును చల్లబరిచే నీళ్ల పంపునూ తిప్పేది ఆ ఒక్క బెల్టే కనుక, అది తెగాక కూడా ఇంకో పది కిలోమీటర్లు లాగించేద్దామనుకుంటే ఇంజిను వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతుంది, బెల్టు ఖరీదుకు ఎన్నో రెట్లు ఖర్చు మీద పడుతుంది. మామూలు మోటారు బీమా పాలసీ మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు పరిహారం ఇవ్వదన్నది కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

కారును ఎడమ అంచుకు తెచ్చి, హజార్డ్ లైట్లు వేసి, అందరమూ ఎడమ వైపు తలుపుల నుంచే దిగాము. మా అమ్మగారిని, పిల్లవాడిని ఇనుప రెయిలింగు అవతలికి పంపించి, కారు నిలిచిన చోటికి కాస్త వెనుకగా, వచ్చే బండ్ల వైపు నిలబెట్టాము. వెనుక నుంచి లారీ గుద్దితే కారు ముందుకే దూసుకుపోతుంది కనుక, కారు ముందర నిలబడడం గాని, చలిగా ఉందని లోపల కూర్చోవడం గాని అస్సలు చేయకూడదు. తరువాత, వెనుక వచ్చే బండ్లను హెచ్చరించడానికి రోడ్డు మీద నిలబెట్టే ఎర్ర త్రిభుజం కోసం డిక్కీలో కార్పెట్టు ఎత్తి చూస్తే, అది ఉండవలసిన పొడవాటి ప్లాస్టిక్ డబ్బా ఉంది గాని లోపల ఒక పాత గుడ్డ పేలిక మాత్రమే ఉంది. కారు అప్పగించేటప్పుడు ‘టూల్ కిట్టు, త్రిభుజం అన్నీ ఉన్నాయి’ అన్న వరుసకు ఎదురుగా టిక్కు పెట్టి ఇచ్చిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. బెల్టు తెగాక బ్యాటరీ చార్జి కాదు, కాబట్టి హజార్డ్ లైట్లను నమ్ముకుని ఎంతోసేపు ఉండలేము. కాసేపటికి అవి మసకబారడం మొదలయ్యాక, ఆ త్రిభుజం విలువ ఏమిటో నాకు బాగా అర్థమయింది.

కార్డు మీది నంబరుకు ఫోను చేస్తే అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కాని మొదటి ప్రశ్నగా ఆ ప్రదేశం పిన్‌కోడ్ అడిగింది. హైవే మీద, పొలాల మధ్య, ఎవరికి తెలుస్తుంది పిన్‌కోడ్? ఫోనులోని మ్యాపు నుంచి లొకేషన్ పంపిస్తానంటే, పిన్‌కోడ్ లేనిదే తమ కంప్యూటరులో ఫిర్యాదు నమోదు కాదని చెప్పింది. అది దొరికాక, మేము కర్ణాటక సరిహద్దు దాటాము కనుక చిక్కబళ్లాపురం వైపు నుంచి బండి రాదనీ, ఆంధ్ర వైపు ఎవరైనా ఉన్నారేమో చూడాలనీ అన్నారు. ఆపైన ఉచిత టోయింగు 25 కిలోమీటర్లకేనని, ఆ దూరాన్ని మా కారు దగ్గర నుంచి కాక టోయింగు బండి తన షెడ్డులో బయలుదేరిన చోటి నుంచి లెక్కిస్తారని, మిగతా దూరానికి డబ్బు డ్రైవరుకు ముందుగానే నగదుగా ఇవ్వాలని ఒక్కో ఫోనులో ఒక్కో ముక్క బయటపడింది. ఎంతో ఆలస్యంగా చివరికి వచ్చిన బండి కొక్కెం తగిలించి ముందు చక్రాలో వెనుక చక్రాలో లేపి ఈడ్చుకుపోయే రకం, పైగా ఇంజిను ముందు చక్రాలను తిప్పే మా కారును దాని డ్రైవరు వెనుక నుంచి ఎత్తుతానన్నాడు. ఆటోమేటిక్ కార్లలో ఇంజిను ఆగిపోతే గేరుబాక్సులో ఆయిలు తిరగదు. ఇంజిను తిప్పే చక్రాలు నేల మీద ఉండగా దూరం ఈడిస్తే గేరుబాక్సు పాడవుతుంది. అందుకే అలాంటి కార్లకు, కారును మొత్తంగా పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీయే క్షేమం; ఎలక్ట్రిక్ కార్లకూ, ఇంజిను నాలుగు చక్రాలనూ తిప్పే కార్లకూ కూడా అదే. అతన్ని తిప్పి పంపించాను. కార్డు వారు దాన్ని కూడా నేను వాడుకున్న సేవగానే లెక్క కట్టారు.

మమ్మల్ని నిజంగా రోడ్డు మీద నుంచి తప్పించింది 1033. జాతీయ రహదారుల సంస్థ నడిపే ఈ నంబరు రాత్రింబగళ్లు పనిచేస్తుంది, మీకు ఏ కార్డూ ఉండనక్కరలేదు. టోలు కట్టే రోడ్ల మీద గస్తీ బండ్లు, అంబులెన్సు, క్రేను ఉంచడం ఆ రోడ్డును నిర్వహించేవారి బాధ్యత. వాళ్లు పిన్‌కోడ్ అడగలేదు, రోడ్డు నంబరు, వెళ్తున్న దిక్కు, దగ్గరలోని కిలోమీటరు రాయి మీది అంకె అడిగారు. గస్తీ బండి వచ్చి వెనుక కోన్లు పెట్టి, తన లైట్లు వెలిగించి నిలిచాక, కారును న్యూట్రల్‌లో పెట్టి కాస్త ముందున్న ధాబా ఆవరణలోకి నెమ్మదిగా నెట్టారు. ఊరి దాకా తీసుకువెళ్లడం వాళ్ల పని కాదు, ఆ మాట వాళ్లే చెప్పారు. కాని ప్రాణభయం తీరడానికి అంతే చాలు. తెల్లవారాక హిందూపురం నుంచి మెకానిక్ వచ్చి బెల్టు మార్చాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే, లేదా అనుమానాస్పద వ్యక్తులు చుట్టూ చేరితే అత్యవసర నంబరు 112కు ఫోను చేయాలి.

ఇక కొనేవారు అడగవలసినవి. డీలరు చేతికిచ్చే రంగుల అట్టను పక్కన పెట్టి, సర్టిఫికెట్టునూ పూర్తి షరతులనూ డబ్బు కట్టక ముందే వాట్సాప్‌లోనైనా పంపమనండి. పంపకపోతే ఆ వరుసను బిల్లులోంచి కొట్టేయమనండి. వాటిలో మొట్టమొదట చూడవలసినది టోయింగు దూరం, ఆ దూరం ఎక్కడ నుంచి ఎక్కడికి లెక్కిస్తారన్న వాక్యం. తరువాత కార్డు ఏ తేదీ నుంచి పనిచేస్తుందో చూడాలి, కొన్నిటికి కొన్న వెంటనే కాక కొన్నాళ్లు ఆగాక గాని సేవ మొదలు కాదు. రాష్ట్రం దాటితే ఎవరు వస్తారు, మీ కారు రకానికి ఫ్లాట్‌బెడ్ పంపుతారా, ఏడాదికి ఎన్నిసార్లు పిలవవచ్చు, దారిలో టోలు ఎవరు కట్టాలి అన్నవి రాతలో లేకపోతే ఫోనులో ఇచ్చిన హామీకి విలువ లేదు. ఇంకొక సంగతి: మీ బీమా పాలసీలోనే ఈ సేవ యాడ్ ఆన్‌గా, అంటే అదనపు సౌకర్యంగా, ఉందేమో ముందు పాలసీ కాగితంలో చూడండి, ఒకే సాయానికి రెండు చోట్ల డబ్బు కడుతున్నవారు మా అపార్టుమెంటులోనే ఉన్నారు. డిక్కీ తెరిపించి త్రిభుజాన్ని బయటకు తీయించి, మడత విప్పి నిలబెట్టి చూసుకోండి. డీలరు నవ్వితే నవ్వనివ్వండి.

కార్డు పోతే దాని కంపెనీ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకడం కూడా ప్రమాదమే. అక్కడ కస్టమర్ కేర్ పేరుతో కనిపించే వాటిలో దొంగ నంబర్లు కలిసి ఉంటాయి. ‘రిజిస్ట్రేషన్ కోసం పది రూపాయలు పంపండి, ఈ యాప్ వేసుకోండి’ అంటే వెంటనే ఫోను పెట్టేయాలి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చెప్పాలి. పిలవకుండానే ప్రత్యక్షమయ్యే క్రేను వాడికి బేరం తెగకుండా కొక్కెం తగిలించనివ్వకూడదు. ఒకసారి కారు క్రేనుకు ఎక్కాక ధర వాడు చెప్పిందే. తాడు కట్టి ఈడ్చుకుపోతామనే మంచివాళ్లు కూడా ఎదురవుతారు. ఇంజిను ఆగిన కారులో బ్రేకులు, స్టీరింగు రెండూ బరువెక్కుతాయి కనుక హైవే మీద, అందులోనూ రాత్రిపూట, దానికి ఒప్పుకోకండి.

నేను బిల్లు, సర్టిఫికెట్టు, ఫోను చేసిన సమయాల స్క్రీన్‌షాట్లు, డీలరు టిక్కు పెట్టిన కాగితం జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే ఊళ్లోనే కేసు వేయవచ్చు, కొన్నదాని విలువ 5 లక్షల రూపాయల లోపయితే ఫీజు కూడా లేదు, కాని రెండేళ్ల గడువు దాటనివ్వకూడదు. ఈ సేవను బీమా కంపెనీయే పాలసీతో అమ్మి ఉంటే దారి వేరు: ముందు కంపెనీకి రాతపూర్వకంగా రాయాలి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, ఆయన కార్యాలయం బెంగళూరులోనూ ఉంది. హెల్ప్‌లైన్ నుంచి నోటీసు వెళ్లాక డీలరు ఫోను చేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే కార్డు డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. డబ్బు ఖాతాలో పడి, త్రిభుజం ఇంటికి చేరాక మాట్లాడదామని చెప్పాను, ఇంకా రెండూ రాలేదు.